తవ్వగా మిగిలిన నీళ్ళు: గీథోర్న్‌లో ఒక రోజు

నెదర్లాండ్స్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన మనవాళ్ళు ఆమ్‌స్టర్‌డాం కాలవలు, గాలిమరలు చూసేశాక తర్వాత అడిగేది గీథోర్న్ అనే ఊరు గురించే. ఇంటింటికీ ఒక చెక్క వంతెన, కారు రాని వీధులు, గడ్డి కప్పుల ఇళ్ళ ముందు కట్టేసిన పడవలు. ఈ ఫొటోలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నిసార్లు తిరిగాయో లెక్కే లేదు. ఊరు నిజంగానే అంత అందంగా ఉంది. కాని ఆ నీళ్ళు అక్కడికి ఎలా వచ్చాయన్నది ఫొటోలో పట్టే సంగతి కాదు. అది తెలిసిన మనిషి వెంట వెళ్ళబట్టి మాకు తెలిసింది. వెళ్ళబోయేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరిలో ఉండి దగ్గర పల్లె. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మావారు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. కాలవ కనపడితే ఆయన కళ్ళు ముందు గట్టు మీదికి, ఆ తర్వాత పూడిక మీదికి పోతాయి. అమ్మాయీ అల్లుడూ ఆమ్‌స్టర్‌డాం పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటారు. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి గీథోర్న్ గురించి సలహాలకు కొదవ లేదు. కారు అద్దెకు తీసుకుని మీరే వెళ్ళండి అన్నారు కొందరు. స్టేన్‌వైక్ దాకా రైల్లో వెళ్ళి అక్కడ బస్సెక్కితే చవక అన్నారు ఇంకొందరు. మావారి మోకాళ్ళ సంగతి తెలిసిన అమ్మాయి మాత్రం, "బస్సు, పడవ, గైడు అన్నీ కలిపి ఉన్న టూరే మేలు నాన్నా, నువ్వు అడిగే ప్రశ్నలకు నేనైతే సమాధానం చెప్పలేను" అంది.

ఆన్‌లైన్‌లో ఇలాంటి టూర్లు బోలెడున్నాయి. బుక్ చేసేముందు అమ్మాయి చూసినవి చెబుతాను. పడవ టికెట్ కలిసి ఉందా లేక అక్కడికెళ్ళాక విడిగా కొనాలా? ఊళ్ళో ఎంతసేపు వదులుతారు? గైడు దారి పొడుగునా మాట్లాడుతుందా, లేక రికార్డు చేసిన మాటలు చెవిలో పెట్టుకోవాలా? కొన్ని టూర్లలో ఆఫ్‌స్లైట్‌డైక్ అనే 32 కిలోమీటర్ల సముద్రపు కట్టను కూడా కలుపుతారు. మావారికి అదీ చూడాలనే ఉంది. కాని అది కలిస్తే ఆ మేరకు ఊళ్ళో గడిపే సమయం తగ్గుతుంది. రెండూ ఒకే రోజు వద్దనుకుని కట్ట లేనిదే తీసుకున్నాం. అది మంచి నిర్ణయమే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఊళ్ళో ఎక్కువసేపు ఉండే టూరే చూసుకోండి.

జులై నెల. పొద్దున్నే ట్రామ్ 25లో జౌద్ స్టేషన్‌కు, అక్కడి నుంచి మెట్రో 52లో సెంట్రల్ స్టేషన్‌కు వెళ్ళాం. బ్యాంకు కార్డే గేటు దగ్గర ఆనిస్తే సరిపోతుంది, టికెట్ కోసం క్యూ లేదు. స్టేషన్ వెనకవైపు నీటి ఒడ్డున మా బస్సు ఆగి ఉంది. పులిహోర డబ్బా, మజ్జిగ సీసా, మావారి మాత్రలు, ముగ్గురికీ రెయిన్ కోట్లు నా సంచిలో. మనవరాలికి స్కూలు సెలవులింకా మొదలవలేదు. అందుకని అల్లుడుగారు ఇంట్లోనే ఉండిపోయారు.

గైడు అరవై దాటిన ఆవిడ. చిన్నప్పుడు పెరిగింది ఆ ప్రాంతంలోనేనట. ఇంగ్లీషు నెమ్మదిగా, విడివిడిగా పలికేది. నాకు ఆవిడ చెప్పే తీరు బాగా నచ్చింది. క్లాసులో పాఠం చెప్పి చెప్పి వచ్చినదాన్ని కదా, ఏది ముందు చెప్పాలో, ఏది దాచిపెట్టి తర్వాత చెప్పాలో తెలిసిన మనిషిని ఇట్టే పట్టేస్తాను. గీథోర్న్ గురించి మొదటి అరగంటలో ఒక్క మాటా ఎత్తలేదావిడ. కిటికీలోంచి కనపడుతున్న నేల గురించే చెప్పింది.

ఆమ్‌స్టర్‌డాం దాటి కాసేపటికి బస్సు ఫ్లేవోలాండ్‌లోకి దిగుతుంది. దిగుతుంది అని ఊరికే అనలేదు. ఆ జిల్లా దాదాపు మొత్తం సముద్ర మట్టానికి కొన్ని మీటర్ల దిగువన ఉంది. అదంతా ఒకప్పుడు జౌడర్‌జే అనే సముద్రపు పాయ. 1916లో పెద్ద వరద వచ్చి ఒడ్డున ఉన్న ఊళ్ళను ముంచేసింది. రెండేళ్ళకు, 1918లో, ఆ పాయను కట్టతో మూసేయాలని పార్లమెంటు చట్టం చేసింది. 1932లో ఇందాక చెప్పిన ఆఫ్‌స్లైట్‌డైక్ కట్ట పూర్తయి సముద్రపు పాయ కాస్తా మంచినీళ్ళ సరస్సు అయింది. తర్వాత ఆ సరస్సులో ఒక్కో ముక్కకూ చుట్టూ కట్ట పోసి, పంపులు పెట్టి నీళ్ళు తోడేశారు. ఈశాన్యపు ముక్క 1942లో ఆరింది, తూర్పు ఫ్లేవోలాండ్ 1957లో, దక్షిణపుది 1968లో. వీటన్నిటికీ ప్లాను గీసిన ఇంజనీరు కార్నెలిస్ లేలీ. ఆయన పేరు మీదే లేలీస్టాడ్ అనే నగరం ఉంది. బస్సు ఆ పక్కనుంచే వెళ్ళింది. మన దగ్గర కాటన్ దొర విగ్రహం లేని కాలవ ఊరు ఉంటుందా? ఇంజనీరును ఇంతగా గుర్తు పెట్టుకున్న చోటు మళ్ళీ ఇక్కడే చూశామని మావారు సంబరపడ్డారు.

రెండు వైపులా బంగాళదుంప, ఉల్లి, చక్కెర దుంప పొలాలు. స్కేలు పెట్టి గీసినట్టు కాలవలు. దూరంగా వరసల్లో గాలి టర్బైన్లు. కేటెల్ వంతెన దాటాక గైడు ఎడమ చేతి వైపు చూపించి అటు ఉర్క్ అనే ఊరుంది, కుడి చేతి వైపు స్కొక్‌లాండ్ ఉంది అంది. రెండూ ఒకప్పుడు సముద్రం మధ్యలో ద్వీపాలు. ఇప్పుడు స్కొక్‌లాండ్ చుట్టూ పొలాలు, ఉర్క్‌కు మాత్రం ఒక పక్క ఇంకా నీళ్ళున్నాయి. స్కొక్‌లాండ్‌ను 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఎమ్మెలోర్డ్ పట్టణం దాటి పొలాల దారిన పోతూ పోతూ పోల్డర్ అంచుకు వచ్చాం. ఇలా కట్ట పోసి నీళ్ళు తోడి చేసుకున్న నేలనే పోల్డర్ అంటారు. అక్కడ నేల మళ్ళీ పైకి లేస్తుంది. "ఇప్పటిదాకా మనిషి నీళ్ళను తోడి నేల చేసుకున్న చోట వచ్చాం. ఇక్కడి నుంచి నేలను తవ్వి నీళ్ళు చేసుకున్న చోటికి వెళ్తున్నాం" అని అప్పుడు చెప్పింది గైడు. ఆవిడ ఇంతసేపూ దాచిపెట్టిన మాట ఇదన్నమాట.

బస్సు ఊరి బయట పెద్ద రోడ్డు మీద పార్కింగ్‌లో ఆగింది. పాత ఊళ్ళోకి బస్సులూ కార్లూ వెళ్ళవు. దిగేముందు గైడు రెండు సంగతులు గట్టిగా చెప్పింది. కాలవ మీది చిన్న వంతెనల్లో చాలా వాటికి అవతలి గట్టున ఉన్నది ఒక్క ఇల్లే, ఆ వంతెన ఆ ఇంటివాళ్ళ సొంతం, ఫొటో కోసం దాని మీదికి ఎక్కకూడదు. కిటికీల్లోంచి ఇంట్లోకి తొంగి చూడకూడదు. ఊరి జనాభా మూడు వేల లోపు. అంత చిన్న ఊరి మీద వేసవిలో ఎంతమంది వచ్చి పడతారో పార్కింగ్‌లో ఉన్న బస్సులు చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ అన్నది నాకు న్యాయంగానే తోచింది. మన వీధిలో ముగ్గేస్తుంటే రోజూ వందమంది నిలబడి ఫొటోలు తీస్తే మనం ఊరుకుంటామా?

ముందు పడవ. పైన అద్దాల కప్పు ఉన్న పెద్ద కరెంటు పడవ, గంట ప్రయాణం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఎక్కే చోట చెయ్యి పట్టుకోవటానికి మనిషి ఉంటాడు. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి చప్పుడే లేదు. కాలవ ఎంత ఇరుకంటే, ఎదురుగా ఇంకో పడవ వస్తే రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయేమో అనిపించింది. రెండు గట్లూ చేతికందేంత దగ్గరగా. పచ్చిక, దాని మీద నీలం, గులాబీ రంగు హైడ్రాంజియా పొదలు ఇంటింటికీ. ఊరు మొత్తం మీద 170కి పైగా వంతెనలున్నాయట. వంతెనలు మధ్యలో గూడుకట్టి ఎత్తుగా ఉంటాయి. ఎందుకంటే ఒకప్పుడు గడ్డి మోపులు నిలువెత్తు పేర్చిన పడవ కింద నుంచి పోవాలి. ఆవుల్ని ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పడవలోనే తోలుకెళ్ళేవాళ్ళు. పెళ్ళిబృందాలూ పడవల్లోనే కదిలేవి.

అందరూ ఇళ్ళను చూస్తుంటే మావారు నీటి అంచును చూస్తున్నారు. "ఇటు చూడవే" అని నా భుజం తట్టారు. గట్టు పొడుగునా చెక్క గుంజలు పక్కపక్కనే దిగ్గొట్టి, వాటి వెనక అడ్డంగా పలకలు పేర్చి ఉన్నాయి. మట్టి ఆ పలకల మీద ఆని నిలబడింది. కొన్నిచోట్ల గుంజలు కొత్తవి, ఇంకా పసుప్పచ్చగా ఉన్నాయి. కొన్నిచోట్ల నల్లబడి, నాచు పట్టి, నీటి మట్టం దగ్గర సన్నగా తినేసినట్టున్నాయి. ఒక ఇంటి ముందు పలక విరిగి, వెనక మట్టి జారి, అక్కడ పచ్చిక గుంటలా కుంగిపోయింది. గాలీ నీరూ రెండూ తగిలే చోటే చెక్క ముందు పుచ్చుతుంది, పూర్తిగా మునిగి ఉన్నది ఎన్నేళ్ళయినా ఉంటుంది అని ఆయన అమ్మాయికి చెబుతున్నారు. పడవలు లేపే అల గట్టును కోసేస్తుందని, అందుకే ఇక్కడ ఎవరైనా నెమ్మదిగానే నడపాలని పడవాయన కూడా అన్నాడు. ఫొటోల్లో ఆ ఊరు కదలకుండా నిలిచిపోయినట్టు కనపడుతుంది. నిజానికి గట్టు పని ఏటా ఉంటుంది.

ఊరి కాలవలోంచి పడవ బోవెన్‌వైడె అనే సరస్సులోకి వచ్చింది. ఒక్కసారిగా కళ్ళ ముందు ఆకాశమంత నీళ్ళు. అంత పెద్ద సరస్సు లోతు ఎంతుంటుందని మావారు అడిగారు. ఇంచుమించు మీటరు అంతే అన్నాడు పడవాయన. గైడు మైకు తీసుకుని అసలు కథ అక్కడ మొదలుపెట్టింది.

ఈ ప్రాంతమంతా ఒకప్పుడు బురద నేల. నాచు, రెల్లు, తుంగ చచ్చి, నీళ్ళలో పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుంటే పీట్ అనే మెత్తటి నల్లమన్ను తయారవుతుంది. ఏడాదికి మిల్లీమీటరు పెరగటమే ఎక్కువ, అంటే మీటరు మందానికి వెయ్యేళ్ళు. దాన్ని కోసి ఆరబెడితే పొయ్యిలో కట్టెలా మండుతుంది. అడవులు తక్కువైన ఆ దేశంలో ఊళ్ళ చలిమంటలకూ, ఇటుక బట్టీలకూ, సారా బట్టీలకూ అదే వంటచెరకు. 17వ శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డాం అంత ఎదిగిందంటే ఆ ఎదుగుదల వెనక ఈ మన్ను ఉంది. పైన దొరికింది అయిపోయాక, పొడుగాటి కర్రకు వల కట్టి నీటి అడుగు నుంచి కూడా దేవేవాళ్ళు. దేవిన బురదను పక్కన వదిలిన సన్నటి నేల పట్టీ మీద పరిచి, తొక్కి, ఆరాక ఇటుకల్లా కోసేవాళ్ళు. ఒక పొడుగాటి గుంట, పక్కన ఒక సన్నటి గట్టు, మళ్ళీ గుంట, మళ్ళీ గట్టు. గైడు పైనుంచి తీసిన ఫొటో చూపిస్తే అచ్చం మా భీమవరం పక్క రొయ్యల చెరువుల్లాగే ఉంది. కోసిన ఇటుకల్ని మోసుకుపోవటానికి కాలవలు తవ్వారు. ఊరి మధ్యలో ఇప్పుడు మనం చూసి మురిసిపోయే కాలవలు అవే.

ఆశ పెరిగి గట్లను మరీ సన్నగా వదిలారు. 1776లో సముద్రం పోటెత్తి వచ్చినప్పుడు, మళ్ళీ 1825లో వచ్చినప్పుడు, ఆ గట్లు కొట్టుకుపోయి గుంటలన్నీ కలిసిపోయాయి. ఇలాంటి సరస్సులు అలా పుట్టినవే. ఇక్కడికి కొద్ది దూరంలో బ్యూలాకె అనే ఊరుండేది. 1776 వరదలో అది నాశనమైంది. ఇప్పుడు అక్కడున్నది బ్యూలాకెర్‌వైడె అనే సరస్సు. గైడు ఈ మాట చెప్పేటప్పుడు పడవలో ఎవరూ ఫొటోలు తీయలేదు. కొల్లేరు గట్లూ, ఉప్పుటేరు పొంగులూ చూసిన నాకు ఆ ఊరివాళ్ళ భయం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత ఆవిడ తన సంచిలోంచి ఎండిన పీట్ ముక్క ఒకటి తీసి అందరి చేతికీ ఇచ్చింది. ఇటుకంత ఉంది గాని బరువే లేదు, ఎండిన పిడకకన్నా తేలిక. ముదురు గోధుమ రంగు. దగ్గరగా పెట్టుకుని చూస్తే దారాల్లాంటి వేళ్ళు, ఒకచోట రెల్లు కాడ ముక్క చదునుగా నలిగి, గీతలతో సహా అలాగే ఉంది. వాసన చూస్తే తొలకరికి తడిసిన పాత గడ్డివాము గుర్తొచ్చింది. అరచేతిలో కొంచెం పొడి రాలింది. మావారు దాన్ని దులపకుండా రుమాల్లో కట్టుకున్నారు.

పడవ దిగాక రెండు గంటలు మా ఇష్టం అన్నారు. కాలవ వెంబడే సన్నటి కాలిబాట ఉంది, దాన్ని బిన్నెన్‌పాడ్ అంటారు. సైకిళ్ళూ మనుషులూ అందరూ దాని మీదే కాబట్టి పెద్దవాళ్ళు ఒక పక్కగా నడవాలి. మధ్యాహ్నానికి అద్దె పడవల రద్దీ పెరిగింది. లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా తీసుకుని నడుపుకోవచ్చు. నడపటం రానివాళ్ళు అడ్డంగా తిరిగి గట్టుకు కొట్టుకుంటుంటే వెనక అయిదారు పడవలు ఆగిపోయాయి. అందుకే పొద్దున్నే పడవెక్కించే టూరు ఎంచుకోమంటాను. పాత రకం పడవను పుంటర్ అంటారు. రెండు కొసలూ పైకి లేచి, గెడ వేసి నడిపేది. ఒకాయన ఆ మోటారు పడవల మధ్యలోంచి గెడతో చప్పుడు చేయకుండా నెట్టుకుంటూ వెళ్ళాడు. గెడ దించే తీరు, దాని మీద ఒళ్ళు వాల్చి నడిచే తీరు, చివర ఒక విసురుతో పైకి లాగే తీరు మన గోదావరి కాలవల మీద చూసిందే.

ఇళ్ళు దగ్గరగా చూడాలంటే ఓల్డె మాట్ యూస్ అనే మ్యూజియంలోకి వెళ్ళండి. అది పాత రైతు ఇల్లు. ముందు భాగంలో మనుషులు, వెనక పశువులు, పైన గడ్డి. గోడలోకి అలమరలా కట్టిన పడక, తలుపులేస్తే గదిలో పడక ఉన్నట్టే తెలియదు. చాలా ఇళ్ళకు వెనక కప్పు ముందు కప్పుకన్నా ఎత్తుగా లేచి ఉంటుంది. ఎందుకా అనుకున్నాను. పీట్ అయిపోయాక ఊరివాళ్ళు పాడిలోకి దిగారు, గడ్డి దాచుకోవాలి, పక్కకు పెంచుదామంటే నేల లేదు, చుట్టూ నీళ్ళే. అందుకని పైకి పెంచారు. కప్పు రెల్లుతో ఒక అడుగు మందాన నేస్తారు. బాగా నేస్తే 30 ఏళ్ళకు పైనే ఉంటుందట. ఆ రెల్లు పక్కనే ఉన్న వేరిబెన్-వీడెన్ నేషనల్ పార్కులో చలికాలంలో కోస్తారు. కోయకుండా వదిలేస్తే రెల్లు దుబ్బులు మళ్ళీ పొదలై, అడవై, నీళ్ళు పూడిపోతాయి. కాబట్టి కోత ఆగకూడదు. నీటికుక్కలు ఆ దేశంలో 1988 నాటికి పూర్తిగా మాయమైతే, 2002లో తెచ్చి వదిలింది ఈ పార్కులోనే. ఒక్కటన్నా కనపడుతుందేమోనని అమ్మాయి చాలాసేపు చూసింది. మాకు కనపడలేదు.

తిండి గురించి ఒక మాట. శాకాహారులకు ఆపిల్ ముక్కలు వేసిన పాన్‌కేక్ దొరుకుతుంది, బాగుంటుంది, ఒకటి ఇద్దరికి సరిపోతుంది. మేం పులిహోర ఊరి చివర బెంచీ మీద తిన్నాం. టాయిలెట్లకు డబ్బులు తీసుకుంటారు, చిల్లర గాని కార్డు గాని దగ్గరుంచుకోండి. వాన రెండుసార్లు వచ్చి పోయింది, జులై అని గొడుగు మానకండి.

ఈ ఊరు పేరు ఆ దేశమంతా తెలిసింది 1958లో బెర్ట్ హాన్‌స్ట్రా అనే దర్శకుడు ఇక్కడ ఒక హాస్య చిత్రం తీశాకనట. ఒక ఇంటి పెరట్లో మొక్కలు కత్తిరిస్తున్న పెద్దావిడను చూసి నేను నమస్కారం పెట్టాను. ఆవిడ కత్తెర పక్కన పెట్టి నవ్వి చెయ్యూపింది. నాకు ఆ రోజు మొత్తంలో అదొక సంతోషం.

తిరుగు ప్రయాణంలో బస్సులో సగం మంది నిద్రపోయారు. మావారు మాత్రం గైడు పక్క సీట్లోకి మారారు. అమ్మాయి మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెబుతోంది. ఈ నీటి మట్టం ఎవరు చూస్తారు? వర్షమొస్తే ఎవరు తోడతారు? దానికి డబ్బు ఎవరిస్తారు? వాటర్ బోర్డులు చూస్తాయంది ఆవిడ. 13వ శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి. నాలుగేళ్ళకోసారి ఎన్నికలు, ఇంటింటికీ నీటి పన్ను. మట్టం మరీ దించితే మిగిలిన పీట్ గాలికి ఎండి కుంగిపోతుంది, పెంచితే పెరళ్ళు మునుగుతాయి. రైతుకు ఒక మట్టం కావాలి, రెల్లుకు ఒకటి, ఇళ్ళకు ఒకటి. "మనకూ 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి కదమ్మా, అవి ఆయకట్టు రైతులవి. ఇక్కడ ఊళ్ళో ఉన్న ప్రతివాడికీ ఓటుందా అని అడుగు" అన్నారు మావారు. ఉందంది. ఆయన కాసేపు మాట్లాడలేదు. కాలవ చివరి పొలాలకు నీళ్ళు అందక రైతులతో మాటలు పడ్డ రోజులు ఆయనకు చాలా ఉన్నాయి.

ఆయన ఆసక్తి చూసి గైడు ఇంకో ఊరు చెప్పింది. లెమ్మెర్‌లో 1920లో కట్టిన వౌదాగెమాల్ అనే ఆవిరి పంపింగ్ స్టేషన్ ఉంది, 1998లో యునెస్కో జాబితాలో చేరింది, నీళ్ళు మరీ ఎక్కువైనప్పుడు ఇప్పటికీ బాయిలర్లు వెలిగించి నడుపుతారు అని. అమ్మాయి అక్కడికక్కడే ఫోన్‌లో దారి చూసింది. వచ్చే శనివారం అల్లుడుగారిని కూడా బయల్దేరదీయాలని నిర్ణయమైంది. దానికి ఇలాంటి బస్సు టూరు మాకు కనపడలేదు, కారే.